నొప్పి పోదని తేలిపోయింది, మరి రోజూ పనులు ఎలా?

కొబ్బరాకు
నాలుగైదేళ్ళుగా నడుం నొప్పి. ఎడమ కాలు పిక్క దాకా లాగుతుంది. అమలాపురంలో చూపించాను, కాకినాడలో చూపించాను, ఎమ్మారై తీయించాను. ఆపరేషన్ అక్కర్లేదన్నారు. పూర్తిగా పోతుందని మాత్రం ఎవరూ అనలేదు. కాబట్టి ఏ డాక్టరు మంచివాడో చెప్పమని అడగడం లేదు.
పొద్దున్నే వంటగదిలో నిలబడితే ఎనిమిదయ్యేసరికి గట్టు పట్టుకుని వేలాడుతున్నాను. బకెట్‌లోంచి బట్టలు తీయడానికి వంగితే లేవడం కష్టం. ఒకరోజు కాస్త తేలిగ్గా ఉందంటే ఆ రోజే ఇల్లంతా కడిగేసి, బూజులు దులిపేసి, మర్నాటి నుంచి మంచం ఎక్కుతాను. అప్పుడు మొదలు: "నిన్న అంత పని చేశావుగా, ఇవాళేమొచ్చింది?" మా అత్తగారు తన కాలంలో కోతలకెళ్ళొచ్చి పాతికమందికి వండిన కథ ఎత్తుకుంటారు. పెద్ద పండక్కి ఆడపడుచులు, అల్లుళ్ళు, పిల్లలు దిగుతున్నారు. నొప్పి ఉండగానే ఇల్లు నడుపుకుంటున్నవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉంటే మీ పద్ధతి చెప్పండి.

పంటురేవు
పాకుండలు కూడా మీరే వండుతారా? ఊరి పేరు చెప్తే సఖినేటిపల్లి రేవు దాటి వచ్చేస్తా. సలహా తర్వాత చెప్తా.

దాళ్వా_రాజు
ఇంత టెన్షన్ ఎందుకండీ. మా ఊళ్ళో ఆర్ఎంపీ ఒక సూది వేస్తాడు. మా నాన్న దానితోనే పొలం పనులు చేస్తున్నాడు. పండగ ముందురోజు ఒకటి వేయించుకోండి, పండగ హాయిగా వెళ్ళిపోద్ది.

ఫిజియో_గోదారి
రాజు గారూ, ఆ సూదిలో ఏముందో ఎప్పుడైనా అడిగారా? అంత వేగంగా, అంత బాగా తగ్గుతోందంటే చాలాసార్లు అందులో స్టెరాయిడ్ ఉంటుంది. పక్కన డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందు కలుపుతారు. అవసరమైన జబ్బుకి, డాక్టరు లెక్క చూసుకుని ఇస్తే స్టెరాయిడ్ మంచి మందే. నెలనెలా ఊరికే పొడిపించుకుంటే సుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, చిన్న ఇన్‌ఫెక్షన్ కూడా ముదురుతుంది.

దాళ్వా_రాజు
మా నాన్నకి డెబ్బై దాటాయి. గెల భుజాన వేసుకుని నడుస్తాడు. చదువుకున్న మీరేమో కుర్చీలో కూర్చుని నడుం అంటారు.

ఉప్పుటేరు
రాజు గారూ, వెటకారం తర్వాత. మా అమ్మకి బీపీ, సుగరు రెండూ ఉన్నాయి. మోకాళ్ళ నొప్పికి మందుల షాపులో అడిగి రోజూ మాత్ర వేసుకునేది. చీటీ లేదు, పరీక్ష లేదు. షాపువాడు కూడా ఎప్పుడూ వద్దనలేదు. కాళ్ళు వాచాయని వెళ్తే రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగింది, కిడ్నీలు దెబ్బతిన్నాయన్నారు. ఇప్పుడు డయాలసిస్. బీపీ, సుగరు ఉన్నవాళ్ళు నొప్పి మాత్రలు అలవాటుగా మింగితే కిడ్నీలకి ఎసరు వస్తుందని ఆ తర్వాతే మాకు ఎవరో చెప్పారు. ఇంకేం రాయాలో తెలియడం లేదు.

పంటురేవు
అయ్యో. అమ్మగారు ఎలా ఉన్నారండీ ఇప్పుడు?

ఉప్పుటేరు
వారానికి రెండుసార్లు తీసుకెళ్తున్నాం. తింటున్నారు, టీవీ చూస్తున్నారు, నన్ను తిడుతున్నారు. పర్లేదు.

నర్సాపురం_లేసు
కొబ్బరాకు గారూ, మీ పోస్టులో నాకు కనిపించింది ఒక్కటే. తేలిగ్గా ఉన్న రోజున మీరు రెచ్చిపోతున్నారు.
నేను లేసు అల్లుతాను. పెళ్ళి కాకముందు నుంచీ ఇదే పని. మెడ వంచి, గోడకి చేరబడి, కింద కూర్చుని గంటలు గంటలు. మెడ నుంచి కుడి చెయ్యి దాకా సలుపు. మాకు జీతం ఉండదు, ముక్కకింత అని ఇస్తారు. మానేస్తే డబ్బు రాదు. అందుకని నేను కనిపెట్టుకున్న పద్ధతి: నొప్పి వచ్చేదాకా అల్లను. అదెప్పుడు మొదలవుతుందో నాకు తెలుసు కాబట్టి అంతకంటే ముందే ఫోనులో అలారం పెట్టుకుంటాను. మోగిందా, పువ్వు సగంలో ఉన్నా సూది కింద పెట్టి లేస్తాను. మంచినీళ్ళు తాగి, గుమ్మం దాకా నడిచి, భుజాలు తిప్పుకుని మళ్ళీ కూర్చుంటాను. బాగున్న రోజు కూడా అంతే, బాగోని రోజు కూడా అంతే. మొదట్లో మహా చిరాగ్గా ఉంటుంది, చెయ్యి బాగానే ఉందిగా ఇంకో వరస అల్లేద్దామని. అక్కడే ఆగాలి. నెల తిరిగేసరికి మొత్తం లెక్క చూస్తే ముక్కలు తగ్గలేదు, మంచం పట్టిన రోజులు తగ్గాయి.

పంటురేవు
నొప్పికి కూడా ఈఎంఐ కట్టాలన్నమాట. ఒకేసారి కడితే బ్యాంకు మనల్ని పట్టుకుపోద్ది.

కొబ్బరాకు
లేసు గారూ, ఇది నాకు ఎవరూ చెప్పలేదండీ. కానీ వంటలో అలారం మోగితే పోపు మాడిపోతుందిగా?

నర్సాపురం_లేసు
పోపు పెట్టాక కూర్చోండి. కూరలు తరగడం, బియ్యం ఏరడం, కొబ్బరి కోరడం ఇవన్నీ ముందురోజు సాయంత్రం కుర్చీలో కూర్చుని చేసేసుకోండి. పొద్దున నిలబడే పని పొయ్యి దగ్గరది ఒక్కటే మిగలాలి. నిలబడ్డప్పుడు ఒక కాలు కింద చిన్న పీట వేసుకుని, కాసేపటికి కాలు మార్చండి.

ఊడ్పుల_ముఠా
అలారాలు, పీటలు బాగానే ఉన్నాయి. మా అమ్మ ఊడ్పులకెళ్తుంది. ముఠా మొత్తం ఎకరానికింత అని ఒప్పుకుంటారు. వరసలో పదిమంది వంగి నాటుతుంటే మధ్యలో ఒకావిడ అలారం మోగిందని లేచి గుమ్మం దాకా నడవడం కుదరదు. ఆవిడ వెనకబడితే పక్కావిడ ఆ వరస కూడా నాటాలి. రెండోరోజు ముఠాలోకి పిలవరు. ఈ సలహాలన్నీ ఇంట్లో ఉండేవాళ్ళకే పనికొస్తాయి.

నర్సాపురం_లేసు
తమ్ముడూ, నేనూ కూలి మనిషినే. నా పని నీడలో, అంతే తేడా. కానీ నువ్వన్నది నిజం. ముఠాలో అలా కుదరదు.

ఫిజియో_గోదారి
ముఠా గారి మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. నేను చూసిన కొందరు ఊడ్పుల ఆడవాళ్ళు చేసేవి చెప్తాను. నారు పట్టుకున్న చేతి మోచేతిని మోకాలి మీద ఆనిస్తారు, నడుం మీద బరువు కొంత తగ్గుతుంది. గట్టు చేరిన ప్రతిసారీ నిటారుగా లేచి, నడుం మీద చేతులు పెట్టి కాస్త వెనక్కి వంగుతారు, దానికి ఎవరూ తిట్టరు. అన్నం తిన్నాక కబుర్లు కూర్చుని కాకుండా గట్టు మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి చెప్పుకుంటారు. ముఠా మేస్త్రి మంచావిడ అయితే నొప్పి ఉన్నావిడకి కాసేపు నారు కట్టలు అందించే పని ఇస్తుంది. ఇస్తుందా లేదా అన్నది మనిషిని బట్టి.

ఊడ్పుల_ముఠా
మోచేయి సంగతి అమ్మకి చెప్తే నవ్వింది. అది చిన్నప్పుడే నేర్పారంట. నారు అందించే పని మాత్రం మగాళ్ళదట, అడిగితే బాగోదంది.

తణుకు_మాస్టారు
రిటైరైన లెక్కల మాస్టార్ని. 2006లో చికున్‌గున్యా ఊళ్ళకి ఊళ్ళని పడుకోబెట్టింది గుర్తుందా? జ్వరం వారంలో పోయింది. కీళ్ళ నొప్పులు మాత్రం కొందరికి నెలలు, నాలాంటివాళ్ళకి ఏళ్ళు ఉండిపోయాయి. చాక్‌పీసు పట్టుకుని బోర్డు మీద రాస్తే మణికట్టు పీకేది. పిల్లలేమో నా చేతిరాత మారిపోయిందని నవ్వేవారు.
నాకు పనికొచ్చినవి రెండు. పొద్దున వేన్నీళ్ళ స్నానం అయ్యేదాకా ఎవరితోనూ ముఖ్యమైన విషయం మాట్లాడను. (మా ఆవిడ ఇది పెళ్ళైన నాటి నుంచీ ఉన్న అలవాటే అంటుంది.) రెండోది, నొప్పి ఉన్నా కాలవ గట్టు మీద నడక మానను. ఎక్కువ నడవను. లాకుల దాకా వెళ్ళి వచ్చేస్తాను. నొప్పి అని పడుకుంటే కీళ్ళు బిగుసుకుపోయి మర్నాడు ఇంకా కష్టం.
ఇంకోటి. ఆమధ్య నడుముకి ఎమ్మారై తీస్తే రిపోర్టులో అరపేజీ భయంకరమైన మాటలు. డిస్కు ఉబ్బిందట, అరిగిందట. అది చదివాక నాకు నొప్పి రెట్టింపైంది, నిజం.

ఫిజియో_గోదారి
మాస్టారూ, లెక్కలవారు కాబట్టి మీకో లెక్క. నడుం నొప్పి అసలు లేని 98 మందికి అమెరికాలో ఎమ్మారై తీశారు. 1994లో అచ్చయింది. సగానికి పైగా మందిలో ఎక్కడో ఒకచోట డిస్కు ఉబ్బి కనిపించింది. వాళ్ళంతా శుభ్రంగా తిరుగుతున్నవాళ్ళు. వయసుతో జుట్టు నెరిసినట్టే ఇది కూడా. రిపోర్టులో ఉన్నదంతా మీ నొప్పికి కారణమని అనుకోకండి.
కొబ్బరాకు గారికి కూడా ఇదే. 3 నెలలు దాటి ఉండిపోయే నొప్పి ఒక్కోసారి దెబ్బ మానిపోయాక కూడా ఆగదు. నరాలు, మెదడు ఆ కంగారులోనే ఉండిపోతాయి. అందుకే నొప్పి వచ్చిన ప్రతిసారీ లోపల ఏదో తెగిపోతోందని కాదు. అలాగని ఇది మీ ఊహా కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో, 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న దాంట్లో, దీర్ఘకాలిక నొప్పికి విడిగా కోడ్ ఉంది.

కొబ్బరాకు
ఆ కోడ్ ఏదో ప్రింటు తీసి మా హాల్లో ఫ్రేము కట్టిస్తాను.
ఒక సందేహం. పోయినసారి డాక్టరు రాత్రి పూట వేసుకోమని అమిట్రిప్టిలిన్ అని చిన్న మాత్ర రాశారు. మా మరిది నెట్‌లో చూసి డిప్రెషన్ మందు అన్నాడు. ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. నాకు మతి చెడిందని పక్కింటి దాకా వెళ్ళింది. మానేశాను.

అరటిగెల
మీ మరిదికి ఫోను తక్కువగా ఇవ్వండి.

ఫిజియో_గోదారి
నేను మందులు రాసేవాణ్ణి కాదు కాబట్టి వేసుకోమని, మానమని చెప్పను. కానీ అమిట్రిప్టిలిన్, డులాక్సెటిన్ లాంటివి నరాల నొప్పికి ప్రపంచమంతా వాడతారు. నొప్పికి ఇచ్చే అమిట్రిప్టిలిన్ మోతాదు డిప్రెషన్‌కి ఇచ్చేదానికంటే మామూలుగా తక్కువ. నిద్ర కూడా పడుతుంది. పొద్దున మత్తుగా ఉండటం, నోరెండటం ఉండొచ్చు. ఆ డాక్టరునే మళ్ళీ అడగండి.

సర్వవైద్య_శిఖామణి
ఇన్ని ఇంగ్లీషు మందులెందుకు? వావిలాకు మరిగించిన నీళ్ళతో స్నానం, జిల్లేడాకుకి ఆముదం రాసి కాపడం, ఇసుక మూట. నలభై రోజుల్లో ఎలాంటి వాతమైనా పారిపోతుంది. గ్యారంటీ.

ఉప్పుటేరు
గ్యారంటీ కార్డు ఇస్తారా?

తణుకు_మాస్టారు
వావిలాకు స్నానం చేశాక హాయిగా ఉంటుంది, నేనూ చేస్తాను. సాయంత్రానికి మళ్ళీ మామూలే. ఆ కాసేపు హాయి కూడా తక్కువదేం కాదు. గ్యారంటీ అన్న మాటే వద్దు.

ఫిజియో_గోదారి
వేడి కాపడం మంచిదే. సుగరు వల్ల పాదాలు మొద్దుబారినవాళ్ళు మాత్రం ఇసుక మూట, వేన్నీళ్ళ సంచి జాగ్రత్త. కాలినా తెలియదు. అలా పుండు పడి వచ్చినవాళ్ళని చూశాను.

అరటిగెల
నాది కాస్త వేరే కథ, కానీ ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా. పొద్దున లేస్తే వేళ్ళు మడతపడేవి కావు. జాకెట్ హుక్సు పెట్టుకోలేను, కాఫీ గ్లాసు పట్టుకోలేను. పది దాటితే గానీ చేతులు నావి అనిపించేవి కావు. ఇంట్లో వాతం అన్నారు, చన్నీళ్ళలో చేతులు పెట్టకమ్మా అన్నారు. అలా చాలాకాలం. చివరికి ఒక డాక్టరు ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ, ఈఎస్ఆర్ అనే రక్తపరీక్షలు చేయిస్తే రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేలింది. అంటే ఒంట్లో రక్షణ వ్యవస్థే కీళ్ళ మీద పడటం. దీనికి ఓర్చుకోవడం మందు కాదు, వదిలేస్తే వేళ్ళు వంకర్లు పోతాయి. కాబట్టి "నొప్పితో బతకడం నేర్చుకో" అనే ముందు ఇది కాదని తేల్చుకోండి. పొద్దున బిగుసుకుపోవడం గంట పైన ఉండి, చిన్న కీళ్ళు వాస్తే అసలు ఆలస్యం చేయొద్దు.
దీనికి మెథోట్రెక్సేట్ అనే మాత్ర వాడుతున్నా. వారానికి ఒక్కరోజే వేసుకునే మందు అది. ఒక షాపులో కవరు మీద రోజూ అని రాసిచ్చారు! డాక్టరు ముందే హెచ్చరించారు కాబట్టి సరిపోయింది. అది రోజూ మింగితే ప్రాణం మీదకొస్తుంది. నాది ఆదివారం. గోడ క్యాలెండర్లో ఎర్ర తేదీ అంటే మాత్ర రోజు. ఫోలిక్ యాసిడ్ వేరే రోజు.
ఇంట్లో మార్చినవి: కత్తిపీట అటకెక్కింది, చాకు, పలక వచ్చాయి. కొబ్బరి కోరుముని కూడా బల్లకి బిగించే రకం తెచ్చాం, నిలబడి తిప్పడమే. గుండ్రటి కుళాయిలు తీసేసి మోచేత్తో నొక్కే పొడుగు పిడివి వేయించాం. ఇడ్లీ గిన్నెలు, కుక్కర్లు రెండు చేతులతోనే ఎత్తుతాను, లేదా ఎత్తను.

కొబ్బరాకు
కత్తిపీట అటకెక్కిస్తే మా ఇంట్లో యుద్ధమే. చాకుతో తరిగితే వంకాయ రుచి మారుతుందంటారు.

పంటురేవు
మారుతుందండీ. వేలు తెగితే.

రావులపాలెం_ఆటో
వంటింటి గోల ఆపి మా గోల వినండి. ఆటో తోలతాను. లంకల వైపు రోడ్డు ఒక్క వాన పడితే రోడ్డు కాదు, ప్రతి గుంటా నడుములోనే దిగుతుంది. నా వైద్యం: తువ్వాలు చుట్ట చేసి నడుం వెనక పెట్టుకోవడం, వెనక జేబులో పర్సు పెట్టుకోకపోవడం, కిరాయికి కిరాయికి మధ్య సీట్లో నుంచి దిగడం. పల్లెవెలుగు ఎక్కేవాళ్ళకి ఒక మాట, వెనక చక్రాల తర్వాత సీట్లో కూర్చోకండి. కుదుపంతా అక్కడే.

భీమవరం_చెరువు
నొప్పికి సదరం సర్టిఫికెట్, అదే వికలాంగుల సర్టిఫికెట్, ఇస్తారా? పింఛను వస్తుందని మా దగ్గర ఒకాయన తిప్పుతున్నాడు, డబ్బులడుగుతున్నాడు.

గోదారిగట్టు
డబ్బులివ్వకండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాలున్నాయి, నొప్పి ఒక్కటే అయితే ఆ జాబితాలో లేదు. కాలో చెయ్యో ఎంత పని చేయడం లేదో కొలిచి శాతం వేస్తారు. 40 శాతం ఉండాలి. ఎముకల డాక్టరు బోర్డులో చూసి రాస్తారు, మధ్యవర్తి పని ఏమీ లేదు.

మౌనముని
మా ఆవిడకి ఫైబ్రోమయాల్జియా. ఒళ్ళంతా నొప్పి, నిద్రపోయినా అలసట. పరీక్షలన్నీ మామూలుగానే వస్తాయి, అదే అసలు ఇబ్బంది. మొగుళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే: "ఎలా ఉంది, ఎలా ఉంది" అని గంటగంటకీ అడగొద్దు. "ఏం సాయం చేయను?" అని కూడా అడగొద్దు, పని వెతికి చెప్పడం కూడా ఆవిడకి ఇంకో పని. కొన్ని పనులు పూర్తిగా మీవి చేసేసుకోండి. మా ఇంట్లో నీళ్ళు పట్టడం, బట్టలు ఉతకడం, ఆరేయడం, మడతలు నావి. మడతలు బాగోలేవని రోజూ అంటుంది. అననివ్వండి.

తణుకు_మాస్టారు
నా అభిప్రాయం వేరు. ఇంట్లో రోజూ నొప్పి మాట ఎత్తితే ఇల్లంతా ఆసుపత్రి వార్డులా అవుతుంది. నేను చెప్పను. ఓర్చుకుంటాను.

అరటిగెల
మాస్టారూ, మీరు చెప్పకపోయినా మీకు వేడి నీళ్ళు ఎవరో కాచి పెడుతున్నారు. మేం చెప్పకపోతే మాకు కాచేవాళ్ళుండరు.

తణుకు_మాస్టారు
...దీనికి మా ఆవిడ వెనక నుంచి చప్పట్లు కొడుతోంది.

గోదారిగట్టు
మధ్యే మార్గం ఒకటుంది. మా అక్క పొద్దున్నే ఫ్రిజ్ మీద మాగ్నెట్ మారుస్తుంది. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. ఎరుపుంటే ఆ రోజు కూర బయటి నుంచి. మాటల్లేవు, సంజాయిషీల్లేవు. పిల్లలే ముందు చూసుకుంటారు.

ఫిజియో_గోదారి
ఒకటి చెప్పడం మర్చిపోకూడదు. నడుం నొప్పితో పాటు మూత్రం, దొడ్డి పట్టు తప్పినా, కూర్చునే చోట తిమ్మిరెక్కి స్పర్శ తెలియకపోయినా, కాలు ఉన్నట్టుండి బలం తగ్గినా అప్పుడు అలారాలు, పీటలు కాదు. అదే రోజు పెద్దాసుపత్రి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉన్నా ఆలస్యం వద్దు.

నర్సాపురం_లేసు
కొబ్బరాకు గారూ, ఇప్పుడు పండగ సంగతి. పిండివంటలు ఒక్కరోజులో పెట్టుకోకండి. జంతికలు నిలవుంటాయి, ముందే చేయించండి. అరిసెల పాకం, పిండి వత్తడం మీరు ముట్టుకోకండి, అది నడుం విరిచే పని. పాకం చూసే పెద్దరికం అత్తగారికే ఇవ్వండి, ఆవిడకీ సంతోషం. పూతరేకులు ఎలాగూ ఆత్రేయపురం నుంచి వస్తాయి.

పంటురేవు
కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తీసుకెళ్ళమని చుట్టాలు పట్టుబడతారు, సిద్ధంగా ఉండండి. ప్రభలు కౌశిక ఏరు దాటేటప్పుడు చూడాలంటే ఆ జనంలో పొలం గట్ల మీద నిలబడాలి.

కొబ్బరాకు
దానికి ఆడపడుచుల్ని వాళ్ళ అన్నయ్యతో పంపిస్తాను. అందరూ అటు వెళ్తే నాకు ఒక పూట పడక దొరుకుతుంది. ఆడపడుచులకి నిన్న ఫోన్ చేసి చెప్పాను, ఒక్కొక్కరు ఒక పూట వంట తీసుకోవాలని. పెద్దావిడ సరేనంది. చిన్నావిడ "వదినా, నాకూ మెడ నొప్పి" అంది. ఆవిడకి ఈ లింకు పంపాను.

అరటిగెల
హహ. కుటుంబ సభ్యత్వం తీసుకోండి.

దాళ్వా_రాజు
ఫిజియో గారూ, ఒక సంగతి. నాన్నకి సూదితో పాటు రోజూ చిన్న తెల్ల మాత్ర కూడా ఇస్తాడాయన, చాలాకాలంగా. మీరు రాసింది చదివి ముఖం చూస్తే గుండ్రంగా ఉబ్బినట్టే ఉంది. రేపట్నుంచి ఆపించేయనా?

ఫిజియో_గోదారి
ఆపొద్దు! అది స్టెరాయిడ్ మాత్ర అయితే ఉన్నట్టుండి ఆపడమే ప్రమాదం. చాలాకాలం బయటి నుంచి వచ్చేసరికి ఒళ్ళు సొంతంగా తయారుచేసుకోవడం తగ్గించేస్తుంది. ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి, వాంతులై, మనిషి కూలబడొచ్చు. ముందు జనరల్ ఫిజీషియన్‌కి చూపించండి. సుగరు, బీపీ చూసి ఆయనే మెల్లగా తగ్గిస్తారు. మాత్రల స్ట్రిప్ తీసుకెళ్ళండి, పేరు కావాలి.

దాళ్వా_రాజు
స్ట్రిప్ ఉండదండీ. కాయితం పొట్లం కట్టి ఇస్తాడు.

ఫిజియో_గోదారి
పొట్లమే తీసుకెళ్ళండి. ఎన్నాళ్ళుగా, రోజుకి ఎన్ని అన్నది నాన్నగారినే అడిగి కాయితం మీద రాసుకోండి. ఈలోపు ఒక్క పూట కూడా మానిపించకండి.

దాళ్వా_రాజు
ఆయ్. సోమవారం కాకినాడ తీసుకెళ్తా.